పనిముట్లు ఉన్నాయి, సరుకే తక్కువ

(భాషాశాస్త్రం ఎం.ఏ. విద్యార్థులకూ పరిశోధకులకూ జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే.

భాషాశాస్త్రం వాళ్ళకి ఆన్‌లైన్‌లో దొరికే వనరుల గురించి మాట్లాడమన్నారు. ఇలాంటి ప్రసంగాల్లో ఏం జరుగుతుందో మీకూ తెలుసు. స్లైడ్ మీద ఓ యాభై సైట్ల పేర్లు వేస్తారు, మీరు ఫోన్‌తో ఫోటో తీసుకుంటారు, ఆ ఫోటో గ్యాలరీలోనే పడి ఉంటుంది. నేను ఆ పని చెయ్యను. కొన్నిటి పేర్లే చెబుతాను, అందులో రెండు మూడింటి లోపలికి వెళ్ళి చూద్దాం. పేర్లు తర్వాత కాగితం మీద ఇస్తారు, ఇప్పుడు రాసుకోవద్దు, వినండి.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మనకి పనిముట్ల కొరత లేదు. చాలామటుకు ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. కొరత ఎక్కడుందంటే, వాటిలో వేసి చూడడానికి మన భాషల సరుకు, అంటే రికార్డింగులు, పదపట్టికలు, పాఠాలు, సరిపడా లేవు. తెలుగు సరుకు తక్కువ, తెలుగు పక్కన ఉన్న చిన్న భాషల సరుకు మరీ తక్కువ. ఎందుకు తక్కువ? మాట్లాడేవాళ్ళు లేకనా? 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 8 కోట్ల పైనే. మరి ఎందుకు తక్కువ? అక్కడికి వస్తాను.

ముందు నిఘంటువు. బరో, ఎమెనో అనే ఇద్దరు భాషాశాస్త్రవేత్తలు కలిసి చేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు మీలో ఎంతమంది తెరిచి చూశారు? చేతులెత్తండి. ఫర్వాలేదు, అనుకున్నదాని కన్నా ఎక్కువే ఉన్నారు. మొదటి కూర్పు 1961లో వచ్చింది, సవరించిన రెండో కూర్పు 1984లో. మనవాళ్ళంతా డీఈడీఆర్ అంటారు. ఇది మొత్తం షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళ దక్షిణాసియా డిజిటల్ నిఘంటువుల్లో ఉంది, వెతుక్కోవచ్చు. బ్రౌన్ నిఘంటువు కూడా అక్కడే ఉంది, గ్విన్ నిఘంటువూ అక్కడే ఉంది.

అచ్చు పుస్తకంతో కొత్తవాళ్ళకి వచ్చే చిక్కేమిటి? మీకు 'రోలు' కావాలి. ర దగ్గరికి వెళ్ళి వెతుకుతారు. దొరకదు. ఎందుకు దొరకదు? ఆ పుస్తకంలో ఆరోపాలన్నీ, అంటే ఒక్కో మాట కింద ఇచ్చిన పద్దులన్నీ, ద్రావిడ భాషల వరసలో, తమిళ రూపం ఉంటే దాన్ని ముందు పెట్టి, తమిళ అక్షరక్రమంలో అమర్చారు. తమిళంలో అది 'ఉరల్', కన్నడంలో 'ఒరళు'. కాబట్టి మన రోలు ఉ దగ్గర కూర్చుని ఉంటుంది. ఉరల్ ఎక్కడ, రోలు ఎక్కడ? తెలుగులో మొదటి అచ్చు, దాని తర్వాతి హల్లు చోటు మార్చుకున్నాయి. వర్ణవ్యత్యయం అని చదువుకున్నారు కదా, అదే ఇది. 'ఇరండు' మనకి 'రెండు' అయినదీ అలాగే. పుస్తకం వెనక తెలుగు సూచిక ఉందనుకోండి, కానీ ఆన్‌లైన్‌లో నేరుగా తెలుగు రూపాన్నే కొట్టి వెతికితే ఆరోపం వచ్చేస్తుంది. మాటలు రోమన్ లిపిలో, దీర్ఘాలకీ, ట, డ, ణ లాంటి మూర్ధన్యాలకీ గుర్తులు పెట్టి ఉంటాయి, ఆ పద్ధతి ముందు నేర్చుకోండి. ఓ గంట పట్టే పని.

ఇంకొక మాట చూద్దాం. 'చెవి'. తమిళంలో చెవి, మలయాళంలో చెవి, మనకీ చెవి. ఇక్కడితో ఆగిపోతే ఏమనుకుంటాం? ఈ భాషలన్నిటి మూలభాషలోనే చ ఉందనుకుంటాం. అదే ఆరోపంలో ఇంకో రెండు పంక్తులు కిందికి రండి. కన్నడం కివి. తుళు కెబి. కొలామి కెవ్. ఇప్పుడేమంటారు? మూలంలో ఉన్నది క. ఇ, ఎ లాంటి ముందు అచ్చుల ముందు అది మన దగ్గరా తమిళంలోనూ చ అయింది. ఈ సాక్ష్యం ఎవరిస్తున్నారో గమనించారా? కొలామి. ఆదిలాబాద్ వైపు, మహారాష్ట్రలో యవత్మాల్ వైపు మాట్లాడే భాష. 2011 లెక్కల్లో కొలామి వాళ్ళు 1.28 లక్షల మంది. మన భాష చరిత్ర చెప్పే సాక్షి మన పక్క ఊళ్ళోనే ఉన్నాడు, మనమే వెళ్ళి అడగలేదు. ఎమెనో అమెరికా నుంచి వచ్చి అడిగి, 1955లో కొలామి మీద పుస్తకం వేశాడు.

తెలుగులోనే పాత నిఘంటువులు కావాలంటే ఆంధ్రభారతి ఉంది. సూర్యరాయాంధ్ర నిఘంటువు, శబ్దరత్నాకరం, ఇంకా బోలెడు ఒకేసారి వెతికి చూపిస్తుంది. ఇది మీకు చెప్పనక్కర్లేదు, పద్యాలు చదివే ప్రతివాళ్ళూ వాడేదే. అక్కడ ఒకటి మాత్రం చాలామంది చూడకుండా దాటేస్తారు, వ్యవసాయ పదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వేసిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం అది. చేనేత పదకోశం 1971లో వచ్చింది. నాగలి అన్నామంటే ఒకే మాట అనుకుంటాం. రాయలసీమలో మడక అంటారు, ఇంకొన్ని చోట్ల అరక అంటారు. జిల్లాలన్నీ తిరిగి రైతుల దగ్గర కూర్చుని ఏ మాట ఎక్కడ అంటారో పోగు చేశారు. ఆ రోజుల్లో, ఆ రోడ్ల మీద. మీ ఊళ్ళో ఆ మాటలు ఇప్పుడు ఎవరికి తెలుసు? ట్రాక్టరు వచ్చాక మేడి, కాడి, కర్రు ఎవరికి కావాలి? ఆ పదకోశంలో మాట ఉంది, మనిషి గొంతు లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

సరే, గొంతు అన్నాను కాబట్టి, గొంతుని కొలిచే ప్రోగ్రాము ప్రాట్ దగ్గరికి వెళ్దాం.

ప్రాట్‌ని ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో బోర్స్మా, వీనింక్ అనే ఇద్దరు తయారు చేశారు. ఇప్పటికీ మారుస్తూ ఉంటారు. ఉచితం. తెరిస్తే ఏదో పాతకాలపు విండోస్ ప్రోగ్రాములా ఉంటుంది, చూసి భయపడకండి. దీంతో మొదట ఏం చెయ్యాలి? రెండు మాటలు రికార్డు చెయ్యండి. 'అటు', 'అట్టు'. అటు వెళ్ళు, అట్టు తిను. నవ్వకండి, ఇంతకన్నా మంచి జత దొరకదు. స్పెక్ట్రోగ్రామ్, అంటే ధ్వనిని బొమ్మగా చూపించేది, చూడండి. మొదటి అ నల్లగా నిలువు గీతలతో కనిపిస్తుంది. తర్వాత తెల్లటి ఖాళీ. ఆ ఖాళీయే ట, నాలుక పైకి అంటుకుని గాలి ఆగిపోయిన సమయం. ఆ తర్వాత సన్నటి గీత, అది నాలుక విడిచిన క్షణం. ఆపైన ఉ. ఇప్పుడు అట్టు చూడండి. ఏం మారింది? అచ్చులు దాదాపు అవే. తెల్లటి ఖాళీ బాగా సాగింది. చాలామంది గొంతుల్లో రెండింతలో, అంతకన్నా ఎక్కువో ఉంటుంది. ద్విత్వం అని చిన్నప్పటి నుంచీ రాస్తున్నది ఇదే. కర్సరు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి లాగితే ఎన్ని మిల్లీసెకన్లో కింద చెబుతుంది.

రెండో పని. 'పాట' అనండి, 'చెప్పాడు' అనండి. రాసేటప్పుడు రెండిటిలోనూ ఒకటే దీర్ఘం. చెవికి ఒకటేనా? కాదు. చెప్పాడులో ఉన్నది ఆ కాదు, ఆకీ ఏకీ మధ్య ఉన్న ఇంకో అచ్చు. మనకి దానికి అక్షరం లేదు, అందుకని ఆ అనే రాసేస్తాం. ప్రాట్‌లో ఫార్మెంట్లు, అంటే నోటి ఆకారాన్ని బట్టి గట్టిగా మోగే పౌనఃపున్యాలు, చూపించమంటే ఎర్ర చుక్కలు వస్తాయి. చెప్పాడులో రెండో ఫార్మెంట్ పైకి పోతుంది, పాటలో కిందే ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. ప్రాట్‌లో ఫార్మెంటు పైహద్దు మొదట 5500 హెర్ట్జ్ మీద ఉంటుంది, అది ఆడవాళ్ళ గొంతుకి. మగవాళ్ళ గొంతు కొలిచేటప్పుడు 5000కి మార్చాలి. మార్చకపోతే అంకెలు వస్తాయి, తప్పు అంకెలు వస్తాయి, ప్రాట్ మాత్రం ఏమీ అనదు.

ఇంకో జాగ్రత్త, ఇది గట్టిగా చెబుతున్నా. వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్‌ని ప్రాట్‌లో పెట్టి ఫార్మెంట్లు కొలవకండి. ఫైలు చిన్నదవడానికి అది ధ్వనిలో కొంత తీసేస్తుంది. కథ రాసుకోవడానికి పనికొస్తుంది, కొలతకి పనికిరాదు. వేవ్ ఫైలు, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్. ఫోనైనా సరే, వేవ్‌లో రికార్డు చేసే యాప్ వేసుకోండి. ఫ్యాను కట్టేయండి. ఉక్క పోసినా సరే కట్టేయండి.

ఎలాన్ అనే ప్రోగ్రాము గురించి రెండే మాటలు. నైమెగన్‌లో మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థ వాళ్ళది. వీడియో కిందో, ఆడియో కిందో వరసలు వరసలుగా రాసుకోవచ్చు. ఒక వరసలో మాట, దాని కింద అర్థం, దాని కింద చెయ్యి ఎలా ఆడించారో. బుర్రకథ మీద, ఇద్దరు మాట్లాడుకునే తీరు మీద పనిచేసేవాళ్ళకి ఇది లేకపోతే కుదరదు. కొత్త భాషకి నిఘంటువూ పాఠాల పదవిభాగమూ ఒకచోట కట్టుకోవాలంటే ఎస్.ఐ.ఎల్. అనే సంస్థ వాళ్ళ ఫ్లెక్స్ అనే ప్రోగ్రాము ఉంది. అది నేర్చుకోవడానికి ఓపిక కావాలి, మధ్యాహ్నం దాని మీద విడిగా తరగతి ఉంది.

టైపింగు గురించి ఒక పిడకల వేట. ఐపీఏ, అంటే ఉచ్చారణ రాసే అంతర్జాతీయ లిపి, టైపు చేసేటప్పుడు దీర్ఘానికి మన కీబోర్డు మీది కోలన్ పెట్టేస్తారు. చూడ్డానికి ఒకేలా ఉంటుంది. యూనికోడ్‌లో దీర్ఘచిహ్నం వేరు, కోలన్ వేరు. సగం ఫైలులో ఇది, సగం ఫైలులో అది ఉంటే వెతికినప్పుడు సగమే దొరుకుతుంది, లెక్క తప్పుతుంది. పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న తెలుగూ అంతే. తెరమీద తెలుగులా కనిపిస్తుంది, లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాలు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోండి, తర్వాతే పని మొదలుపెట్టండి.

ఇప్పుడు పెద్ద పెద్ద పట్టికలు. ప్రపంచ భాషలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూపించేవి. వాల్స్ అని ఉంది, భాషా నిర్మాణాల ప్రపంచ అట్లాసు. 2005లో పుస్తకంగా వచ్చింది, 2008 నుంచి ఆన్‌లైన్‌లో ఉంది. 2,600కి పైగా భాషలు, 192 లక్షణాలు. గ్రామ్‌బ్యాంక్ 2023లో వచ్చింది, 2,467 భాషలకి 195 ప్రశ్నలు, ఎక్కువభాగం అవును, కాదు అని జవాబిచ్చేవి. ఉదాహరణకి ఎదుటివాణ్ణి కలుపుకునే సర్వనామం, కలుపుకోనిది వేరువేరుగా ఉన్నాయా అని ఒక ప్రశ్న. మనకి మనం, మేము. తమిళానికి నామ్, నాంగళ్. కన్నడానికి నావు ఒక్కటే, ఆ తేడా అక్కడ పోయింది. ఇలాంటిది ప్రపంచ పటం మీద చుక్కలుగా చూస్తే, పక్కపక్క భాషలు ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో కనిపిస్తుంది.

అయితే ఈ పట్టికలు వాడేటప్పుడు ఒక్క విషయం. వాల్స్‌లో ప్రతి భాషకీ ప్రతి గడీ నిండి ఉండదు. ఖాళీ గడి చూసి "ఈ భాషలో ఇది లేదు" అని రాసేస్తున్నారు. ఖాళీ అంటే లేదని కాదు, ఎవరూ చూడలేదని. నిండి ఉన్న గడి కూడా ఎవరో ఒక వ్యాకరణ పుస్తకం చదివి నింపిందే. ధ్వనుల పట్టికలకి ఫోయిబుల్ ఉంది, అందులో ఒకే భాషకి ఒకటికన్నా ఎక్కువ జాబితాలు కనిపిస్తాయి, ఒకదానికొకటి సరిపోవు. ఇందాక చెప్పాడులో చూసిన అచ్చుని కొందరు విడి ధ్వనిగా లెక్కపెడతారు, కొందరు పెట్టరు. ఎవరిది రైటు? మీరే వెళ్ళి ఏ పుస్తకం నుంచి తీశారో చూడాలి. మూలం ఏదో అక్కడే రాసి ఉంటుంది. అది చూడకుండా సంఖ్య ఎత్తి థీసిస్‌లో పెడితే వైవాలో పరీక్షకులు చూస్తారు.

భాష పేరుతో వచ్చే తికమకకి గ్లొట్టొలాగ్ ఉంది. ప్రతి భాషకీ మాండలికానికీ ఒక కోడు. తెలుగుది టెలు1262. దీనివల్ల ఏం లాభం? గోండి అంటే ఒకటా? ఆదిలాబాద్ గోండి వేరు, బస్తర్ వైపు గోండి వేరు, ఒకరిది ఇంకొకరికి పూర్తిగా అర్థం కాదు. థీసిస్‌లో గోండి అని రాస్తే ఎవరి గోండి? కోడు పెడితే ఆ గొడవ ఉండదు.

మన సరుకు ఎంత?

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకి వద్దాం. ఎందుకు తక్కువ?

వాక్యనిర్మాణం మీద పనిచేసేవాళ్ళకి యూనివర్సల్ డిపెండెన్సీస్ తెలిసే ఉంటుంది. వాక్యంలో ఏ మాట దేనికి అతుక్కుందో బాణాలతో గుర్తించిన పాఠాలు, వందకి పైగా భాషలవి, అందరూ ఒకే పద్ధతిలో చేసినవి. హిందీది ప్రధానమైనది 16 వేల పైచిలుకు వాక్యాలు. తెలుగుది? 1,328. అవి కూడా ఎక్కడివి? కృష్ణమూర్తిగారు, గ్విన్ గారు కలిసి రాసిన వ్యాకరణ పుస్తకంలోని ఉదాహరణ వాక్యాలు. ఆ పని చేసినవాళ్ళని నేను తప్పుపట్టడం లేదు, వాళ్ళు చెయ్యకపోతే ఆ 1,328 కూడా ఉండేవి కావు. కానీ ఉదాహరణ వాక్యం ఎలా ఉంటుంది? కురచగా, శుభ్రంగా. సగటున ఐదు మాటలు. మనం అలా మాట్లాడతామా? మా అత్తయ్య ఒక వాక్యం మొదలుపెడితే "వెళ్ళి, చూసి, లేడని తెలిసి, తిరిగొచ్చి" అంటూ క్త్వార్థాలతోనే బజారంతా తిప్పి తీసుకొస్తుంది. అలాంటి వాక్యం ఆ 1,328లో దొరకదు.

చరిత్రలో కూడా మనకి ఒక దెబ్బ తగిలింది. బ్రిటిషువాళ్ళ కాలంలో గ్రియర్సన్ చేసిన భారత భాషా సర్వే ఉంది కదా, షికాగో వాళ్ళ దగ్గర ఆ సర్వేకి సంబంధించిన పాత గ్రామఫోన్ రికార్డులు కూడా పెట్టారు, వినండి, నూరేళ్ళ నాటి గొంతులు. నాలుగో సంపుటంలో ద్రావిడ భాషల గురించి ఉంది. కానీ ఊరూరా నమూనాలు పోగుచేసే సర్వే మద్రాసు ప్రెసిడెన్సీలోనూ హైదరాబాదు, మైసూరు సంస్థానాల్లోనూ జరగలేదు. అంటే తెలుగు నేల దాదాపు మొత్తం బయటే ఉండిపోయింది. అందుకే మాండలిక వృత్తి పదకోశాలు అంత విలువైనవి.

సరే, గ్రియర్సన్ రాలేదు. తర్వాత మనం ఏం చేశాం? చాలా చేశాం. ఇన్ని విశ్వవిద్యాలయాల్లో ఇన్నేళ్ళుగా ఎంత ఫీల్డ్‌వర్క్ జరిగింది! కోయ మీద, కువి మీద, కొండదొరల భాష మీద, సవర మీద, తెలంగాణ తెలుగు మీద. ఆ క్యాసెట్లు ఎక్కడున్నాయి? ఒక శాఖలో నేను చూశాను, పేరు చెప్పను. బీరువా నిండా క్యాసెట్లు, బూజు పట్టి, సగం వాటికి లేబుళ్ళు ఊడిపోయాయి. ఎవరి గొంతో, ఏ ఊరో తెలియదు. థీసిస్ మాత్రం శోధగంగలో, అంటే మన దేశపు థీసిస్‌లు పెట్టే సైటులో, ఉంది. తెరిస్తే స్కాన్ చేసిన పేజీలు. చివర అనుబంధంలో పదపట్టిక ఉంటుంది, కానీ అది బొమ్మ, వెతకలేం, కాపీ చెయ్యలేం. అంత కష్టపడి తెచ్చిన మాటలు మళ్ళీ ఎవరికీ పనికిరాని రూపంలో ఉన్నాయి.

వాడుకోవడం మనందరికీ వచ్చు. పెట్టడమే రాదు. మొదటి నెలే చిట్టీ పాడుకుని, తర్వాత వాయిదాలు కట్టనివాణ్ణి మనం ఏమంటాం? అనక్కర్లేదులెండి, మీ మొహాల్లోనే తెలుస్తోంది.

పెడితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. 2018లో ద్రావిడ భాషా కుటుంబం వయసు లెక్కకట్టిన వ్యాసం ఒకటి వచ్చింది, కొలిపాకం విష్ణుప్రియ, ఇంకా కొందరు కలిసి రాసినది. 20 ద్రావిడ భాషలు, ఒక్కో భాషకి 100 అర్థాల పట్టిక, మాట్లాడేవాళ్ళ దగ్గర నుంచే తెచ్చినవి. కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్ళని తేల్చారు. ఆ తేల్చినదాన్ని మీరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. నాకు నచ్చిందేమిటంటే, ఆ పదపట్టికలన్నీ బయట పెట్టారు. ఎవరైనా తీసుకుని, ఫలానా మాట ఇంకో భాష నుంచి ఎరువు తెచ్చుకున్నది, దీన్ని తీసేసి మళ్ళీ లెక్క కడతాను అనొచ్చు. దాని మీద ఎన్ని ప్రాజెక్టులు చెయ్యొచ్చు! మీ ఎం.ఏ. డిసర్టేషన్‌కి అక్కడే ఒక అంశం ఉంది, ఎవరైనా తీసుకోండి.

ఇంకొకటి, మనకి దగ్గరిది. గిడుగు రామమూర్తిగారంటే వ్యావహారిక భాష అంటాం. ఆయన పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, వ్యాకరణం రాశారు, 1938లో సవర నిఘంటువు వేశారు. ఇప్పుడు సవరకి మాట్లాడే నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉంది, మాట నొక్కితే సవర మనిషి గొంతు వినిపిస్తుంది. సవర వాళ్ళు 1936లో తయారు చేసుకున్న సొంత లిపి సొరాంగ్ సొంపెంగ్‌కి 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊరి గోండి లిపికి 2018లో దొరికింది. లిపి వచ్చింది, ఫాంటు వచ్చింది. ఆ లిపిలో రాసిన పాఠాలు ఎన్ని ఉన్నాయి? మళ్ళీ సరుకు దగ్గరికే వస్తున్నాం.

ఇప్పుడెవరో అడిగారు, ఆ, మీరే. మాట వినిపిస్తే రాసిపెట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చేశాయి కదా, ఇంకా చేత్తో రాయడం దేనికి అని. వాడండి, మొదటి ప్రతికి వాడండి. కానీ కూర్చుని సరిచూడండి. పెద్దమ్మ 'వస్తుండు' అంటే అది చాలాసార్లు 'వస్తున్నాడు' అని రాసి ఇస్తుంది. వార్తలూ, చదివి వినిపించిన వాక్యాలూ ఎక్కువగా విని నేర్చుకున్నది అలాగే చేస్తుంది. మనం పరిశోధిస్తున్నదే ఆ 'ఉండు'ని. యంత్రం దాన్ని సరిదిద్దితే, ఇక మన డేటాలో ఏం మిగులుతుంది?

పెట్టేటప్పుడు ఎలా పెట్టాలి? ముందు అనుమతి. రికార్డింగు మొదట్లోనే, వాళ్ళ భాషలోనే అడగండి, ఎక్కడ పెడతామో, ఎవరు వింటారో చెప్పి అడగండి, ఒప్పుకున్న మాట టేపులోనే ఉండాలి. కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం అనుమతి కాదు. పూజల పాటలు, కుటుంబ గొడవలు, ఇవి అనుమతి ఇచ్చినా బయట పెట్టొద్దు, వాళ్ళకి ఇచ్చేయండి. పేర్లు తీసేయండి. ఊరు, వయసు, ఆడా మగా, ఇంట్లో ఏ భాష, బడిలో ఏ భాష, ఇవి ఉంచండి. ఫైలు పేరు "రికార్డింగ్ ఫైనల్ కొత్తది 2" అని పెట్టకండి. భాష కోడు, తేదీ, ఊరు, వరస సంఖ్య. పదపట్టిక వర్డ్‌లో కాదు, మామూలు పట్టిక ఫైలులో ఉంచండి, ఏ ప్రోగ్రాముకైనా తెరుచుకుంటుంది. లైసెన్సు రాయండి. క్రియేటివ్ కామన్స్‌లో మీ పేరు చెప్పి వాడుకోవచ్చు అనేది ఒకటి ఉంది, మామూలుగా అది సరిపోతుంది. లైసెన్సు రాయకపోతే ఎవరూ వాడరు, భయపడతారు.

ఎక్కడ పెట్టాలి? గూగుల్ డ్రైవ్ లింకు కాదు, మీ అకౌంటు పోతే అది కూడా పోతుంది. జెనోడో ఉంది, ఐరోపా అణుపరిశోధన సంస్థ సెర్న్ వాళ్ళు నడుపుతున్నది. ఒక్కో దాఖలాకి 50 గిగాబైట్ల దాకా ఉచితం, మీ డేటాకి శాశ్వతమైన డీఓఐ సంఖ్య ఇస్తుంది, దాన్ని మీ బయోడేటాలో వ్యాసంలాగే చూపించుకోవచ్చు. దక్షిణాసియా భాషలకనే ఉత్తర టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్ళ కోర్సల్ అనే భాండాగారం ఉంది. మైసూరులో మన భారతీయ భాషల కేంద్ర సంస్థ ఉంది.

థీసిస్ అయ్యాక పెడదాం అనుకుంటారు. థీసిస్ అయ్యాక ఉద్యోగం, ఉద్యోగం అయ్యాక పెళ్ళి. ఎవరూ పెట్టరు. ఫీల్డు నుంచి వచ్చిన వారంలోనే పెట్టండి. ఎవరో మీ డేటా తీసుకుని ముందు రాసేస్తారని టెన్షన్ ఉంటే, జెనోడోలో మీరు చెప్పిన తేదీ దాకా తెరవకుండా ఉంచే వీలుంది. ఫైలు భద్రంగా అక్కడే ఉంటుంది, తేదీ మీది ఉంటుంది.

టీ తాగి పదకొండున్నరకి ల్యాబ్‌లోకి రండి. ప్రాట్ అందరి సిస్టముల్లోనూ వేశారు. ఇద్దరిద్దరుగా కూర్చుని మొదట 'అటు, అట్టు' రికార్డు చేద్దాం. వేరే జిల్లాల వాళ్ళు జతగా కూర్చోండి, ఒకే ఊరివాళ్ళు ఒకచోట వద్దు. హెడ్‌ఫోన్లు తెచ్చుకోని వాళ్ళు ఆఫీసులో అడగండి, ఓ పది ఉన్నాయట.